ఐసీయూలో యాంటీబయోటిక్ డోసు: మొదటి డోసు ఒక లెక్క, రెండో డోసు ఇంకో లెక్క

ఐసీయూ బయట కూర్చున్నవాళ్లు తరచూ రెండు మాటలు అంటుంటారు. ఒకటి, "కిడ్నీలు దెబ్బతిన్నాయి అంటున్నారు కదా సార్, మరి మందు అంత పెద్ద డోసు ఎందుకు?" రెండోది, "పవర్ పెంచండి సార్." ఈ రెండింటికీ జవాబు ఈరోజు మాట్లాడుకుందాం.

మన బోధన్ వైపు చెరుకు రైతులకు ఇది తొందరగా అర్థమవుతుంది. ఎండిపోయిన చేనుకు మొదటి తడి పెట్టాలంటే నీళ్లు చాలా పడతాయి. తర్వాత తడులకు అంత అక్కర్లేదు, ఎంత ఆరిపోయిందో అంత పెడితే చాలు. యాంటీబయోటిక్ కూడా ఇంతే. మొదటి డోసు ఒంటిని నింపడానికి. తర్వాత డోసులు, కిడ్నీలు బయటికి పంపేసిన మందును భర్తీ చేయడానికి.

ఇప్పుడు సెప్సిస్ వచ్చిన మనిషిని చూడండి. రక్తనాళాల నుంచి నీరు కారిపోతుంది, లీటర్ల కొద్దీ సెలైన్ ఎక్కిస్తాం, ఒళ్లు ఉబ్బుతుంది. మెరోపెనెమ్, పిపరాసిలిన్, వాంకోమైసిన్, అమికాసిన్ లాంటి మందులు ఆ నీటిలో పలచబడిపోతాయి. అంటే చేను పెద్దదైపోయింది. అందుకే కిడ్నీలు బాగోలేకపోయినా మొదటి డోసు తగ్గించకూడదు. కొలిస్టిన్ ఇవ్వాల్సి వస్తే క్రియాటినిన్ ఎంతున్నా మొదటి డోసు సాధారణంగా 90 లక్షల యూనిట్లు. తగ్గించేది ఆ తర్వాత డోసులనే. సెప్టిక్ షాక్ అయితే ఆ మొదటి డోసు గంటలోపు పడాలని 2021 అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

రెండో రోజు నుంచి లెక్క కిడ్నీలది. యాక్సిడెంట్ అయిన యువకుడిలో కిడ్నీలు ఒక్కోసారి మామూలు కంటే వేగంగా వడకడతాయి, నిమిషానికి 130 మిల్లీలీటర్లు దాటి. రిపోర్టులో క్రియాటినిన్ 0.6 చూసి నార్మలే అనుకుంటాం, మందు మాత్రం మూత్రంలో పోతుంటుంది. ఇంకొకరిలో కిడ్నీలు ఆగిపోతాయి, మందు పేరుకుపోతుంది. సెఫెపైమ్ పేరుకుంటే తికమక, ఫిట్స్ రావచ్చు. అమికాసిన్ అయితే కిడ్నీలకు, వినికిడికి దెబ్బ. కాబట్టి రోజూ క్రియాటినిన్, మూత్రం కొలత చూసి డోసు మళ్లీ వేసుకోవాలి. వాంకోమైసిన్, అమికాసిన్‌లకు రక్తంలో మందు ఎంతుందో చూసే పరీక్ష కూడా ఉంది.

ఇక "పవర్" సంగతి. అమికాసిన్‌కు ఒక్కసారి ఎక్కువ స్థాయికి చేరడం ముఖ్యం, అందుకే రోజుకు ఒకే పెద్ద డోసు. మెరోపెనెమ్, పిపరాసిలిన్‌కు అలా కాదు. అవి రక్తంలో ఎంతసేపు తగినంత ఉన్నాయన్నదే ముఖ్యం. కాలువ నీళ్లు ఒక్కసారి వదలడం కంటే డ్రిప్పు పెట్టడం లాంటిది. అందుకే మొదటి డోసు త్వరగా ఇచ్చేసి, తర్వాతవి మూడు నాలుగు గంటలపాటు మెల్లగా ఎక్కిస్తారు. 2024లో వచ్చిన బ్లింగ్ త్రీ అనే అధ్యయనంలో 7 దేశాల్లో సుమారు 7,000 మందిని చూశారు. 90 రోజుల్లో మరణాలు, ఆపి ఆపి ఇచ్చినవాళ్లలో 26.8 శాతం, రోజంతా ఎక్కించినవాళ్లలో 24.9 శాతం. ఆ ఒక్క అధ్యయనంతో తేడా రుజువైందనలేం. కానీ అన్ని అధ్యయనాలూ కలిపి చూస్తే మెల్లగా ఎక్కించడంవైపే మొగ్గు. ఒక జాగ్రత్త: మెరోపెనెమ్ వేడికి పాడవుతుంది. నిజామాబాద్ ఎండాకాలం 44, 45 డిగ్రీలు మీకు తెలిసిందే. పొద్దున కలిపి రోజంతా పెట్టకూడదు.

చివరిగా, రెఫరల్. బోధన్ నుంచి నిజామాబాద్ పెద్దాసుపత్రికి, అక్కణ్ణుంచి హైదరాబాద్‌కు పేషెంట్ వెళ్తుంటారు. చీటీలో మందు పేరు ఒక్కటే రాస్తే చాలదు. ఎంత డోసు, ఎన్ని గంటలకు పడింది, అప్పుడు క్రియాటినిన్ ఎంత, ఇవన్నీ ఉండాలి. లేకపోతే అవతలివాళ్లు మొదటి డోసు మళ్లీ వేయొచ్చు, లేదా రెండో డోసు తప్పిపోవచ్చు.

కుటుంబ సభ్యులు చెప్పాల్సినవి నాలుగు: పేషెంట్ బరువు, పాత కిడ్నీ జబ్బు, ఏ మందు పడదో, ఆర్‌ఎంపీ దగ్గర లేదా మెడికల్ షాపులో ముందే వాడిన యాంటీబయోటిక్స్. ఆ ఖాళీ స్ట్రిప్పులు పారేయకండి, తీసుకురండి. డోసు మాత్రం డాక్టర్‌కే వదిలేయండి. ఉంటానండి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.