చింత చచ్చినా పులుపు ఎందుకు చావదు?

పోయిన ఎపిసోడ్ కింద ఒక తమ్ముడు ఒక ప్రశ్న అడిగాడు. "అక్కా, చింత అంటే దిగులు కదా. రోజూ చారులో వేసుకునే చెట్టుకి ఆ పేరు ఎవరు పెట్టారు?" అని. చదివి నవ్వుకున్నాను. ఒక్క లైన్‌లో రిప్లై ఇచ్చేద్దాం అనుకున్నా. కానీ ఆ ప్రశ్న చూడగానే మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో చెట్టు గుర్తొచ్చింది. ఆ చెట్టు ఇప్పుడు లేదు. అందుకే ఈ రోజు ఎపిసోడ్ మొత్తం చింతచెట్టు గురించే. ముందు పేరు, తర్వాత పండు, పిక్క. మా చెట్టు సంగతి చివర్లో చెప్తాను.

తమ్ముడూ, నీ డౌటుకి సమాధానం ఇదిగో. మన భాషలో చింతలు రెండున్నాయి. దిగులు అనే చింత సంస్కృతం నుంచి వచ్చింది. చింతన, నిశ్చింత అన్నీ దాని చుట్టాలే. చెట్టు చింత వేరే మాట. సంస్కృతంలో ఈ చెట్టుకి 'చించా' అనే పేరుంది, మరాఠీ వాళ్లు ఇప్పటికీ 'చించ' అంటారు. మన చింత దానికి దగ్గర మాట. పలకడం ఒకేలా ఉంది కాబట్టి కలిసిపోయాయి, అంతే. చింతలపూడి, చింతపల్లి అంటే దిగులు పడే ఊళ్లు కాదు, చింతచెట్ల ఊళ్లు!

ఇంకో తమాషా చూడండి. తమిళంలో చింతపండుని 'పుళి' అంటారు, అంటే పులుపు. మన పులుసు, పులుపు, పులిసిన పిండి అన్నీ ఆ వేరు నుంచి వచ్చినవే. పులిహోరలో ఉన్న పులి కూడా అదే. చిన్నప్పుడు నేను పులిహోరకీ పులికీ ఏదో సంబంధం ఉందనుకుని మా అన్నయ్యతో గొడవ కూడా పడ్డాను.

ఇక ఇంగ్లీషు పేరు, టామరిండ్. ఇది అరబ్బీ నుంచి వచ్చింది. అరబ్బు వర్తకులు దీన్ని 'తమ్ర్ హిందీ' అన్నారు. తమ్ర్ అంటే ఖర్జూరం, హిందీ అంటే హింద్ దేశానిది. మొత్తంగా 'ఇండియా ఖర్జూరం'. గుజ్జు చూడటానికి ఎండు ఖర్జూరంలా ఉంటుంది కదా, అందుకని. తర్వాత 1753లో లిన్నేయస్ అనే స్వీడన్ శాస్త్రవేత్త దీనికి 'టామరిండస్ ఇండికా' అని శాస్త్రీయ నామం పెట్టాడు. అంటే పేరులో ఇండియా రెండుసార్లు వచ్చింది. తీరా చూస్తే ఈ చెట్టు పుట్టిల్లు ఉష్ణమండల ఆఫ్రికా! మన దేశానికి ఎప్పుడో పాతకాలంలో వచ్చి, ఇక్కడే స్థిరపడిపోయింది. అరబ్బులు ఇక్కడి నుంచి కొనుక్కెళ్లారు కాబట్టి ఇది ఇండియాదే అనుకున్నారు.

మనమూ ఏం తక్కువ తినలేదు. స్కూలు బయట అమ్మే గులాబీ రంగు సీమచింతకాయలు తెలుసుగా? చాలామంది 'చీమ చింతకాయ' అంటారు. చీమలకీ దానికీ సంబంధం లేదు. సీమ అంటే ఇక్కడ విదేశం అని, సీమ వంకాయలో లాగా. అది మెక్సికో వైపు నుంచి వచ్చిన చెట్టు. నిజానికి మన చింత కూడా బయటిదే, కానీ దాన్ని ఎవరూ సీమ అనరు. అంత పాతకాపు అన్నమాట. ఇంకో విచిత్రం, మెక్సికో వాళ్లు ఇప్పుడు చింతపండుతో షర్బత్తు, కారం చల్లిన మిఠాయి చేసుకుని తెగ తింటారు. వాళ్ల చింత మనకొచ్చింది, మన చింత వాళ్లకెళ్లింది.

సరే, ఇప్పుడు అసలు టాపిక్‌కి వద్దాం. "చింత చచ్చినా పులుపు చావదు" అంటారు. పరిస్థితి దిగజారినా పాత పొగరు తగ్గని వాళ్ల గురించి వాడే సామెత. మన పెద్దవాళ్లు దీన్ని ఊరికే అనలేదు. ఇందులో కెమిస్ట్రీ ఉంది.

మామిడికాయ తీసుకోండి. పచ్చిగా ఉంటే పుల్లన. పండే కొద్దీ లోపల ఆమ్లం తగ్గుతుంది, చక్కెర పెరుగుతుంది, తియ్యగా అయిపోతుంది. చాలా పండ్లు ఇంతే. చింత మాత్రం అలా కాదు. ఇందులో ఉండే ముఖ్యమైన ఆమ్లం టార్టారిక్ ఆమ్లం. కాయ పండేటప్పుడు చక్కెర బాగా పెరుగుతుంది కానీ ఈ ఆమ్లం ఖర్చయిపోదు, అలాగే ఉండిపోతుంది. అందుకే చింతపండు ఒకేసారి తియ్యగానూ ఉంటుంది, పుల్లగానూ ఉంటుంది. ఎండబెట్టినా, ఏడాది జాడీలో దాచినా పులుపు పోదు. నిమ్మరసం ఏడాది అలా ఉంచగలమా? ఫ్రిజ్‌లు లేని కాలంలో మన వంటలకి చింతపండు ఎందుకు ఆధారమైందో ఇక్కడ అర్థమవుతుంది. వేసవిలో ఒకసారి ఒలిచి, ఉప్పు కలిపి జాడీలో పెడితే మళ్లీ కొత్త పంట వచ్చేదాకా ఇంటికి పులుపు ఉన్నట్టే.

ఇత్తడి చెంబు చింతపండుతో తోమితే తళతళలాడటం కూడా ఈ ఆమ్లం పనే. లోహం పైన పట్టిన నల్లటి పొరను అది కరిగిస్తుంది. మరి చెంబు మీద పొరను కరిగించే ఆమ్లం, అదే ఇత్తడి గిన్నెలో చారు కాస్తే ఏం చేస్తుంది? లోహాన్ని చారులోకి దింపుతుంది. అందుకే ఇత్తడి, రాగి గిన్నెలకి లోపల తగరంతో కళాయి పూయించేవాళ్లు. పులుసుకి మట్టి కుండ, రాచ్చిప్ప వాడేవాళ్లు. ఇప్పుడు రీల్స్ చూసి ఇత్తడి గిన్నెలు కొంటున్నవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. కొనండి, తప్పు లేదు. కానీ కళాయి లేకుండా అందులో పులుసు, చారు పెట్టకండి. అందంగా ఉంది కదా అని అందులో వండి, ఉదయం దాకా ఉంచడం అస్సలు వద్దు.

ఆరోగ్యం గురించి కూడా ఒక మాట. చింతపండుతో ఆ జబ్బు పోతుంది, ఈ జబ్బు పోతుంది అని వాట్సాప్‌లో రోజూ వస్తుంటాయి. అన్నీ నమ్మొద్దు. మన నల్గొండ ఫ్లోరైడ్ సమస్యకి సంబంధించిన నిజమైన పరిశోధన ఒకటుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు స్కూలు పిల్లలకి రోజుకి 10 గ్రాముల చింతపండు ఇచ్చి చూశారు. మూత్రం ద్వారా బయటికి పోయే ఫ్లోరైడ్ పెరిగింది. ఆ ఫలితాలు 2002లో ప్రచురించారు. అయితే దీనర్థం చింతపండు తింటే ఫ్లోరోసిస్ నయమైపోతుందని కాదు. వంకర తిరిగిన ఎముక చారు తాగితే నిటారు అవదు. మంచినీళ్లే అసలు మందు. పరిశోధన ఎంతవరకు చెప్పిందో అంతవరకే మనం చెప్పుకోవాలి.

గుజ్జు అయిపోయింది, ఇక పిక్క. అష్టాచెమ్మా, వామనగుంటలు ఆడినవాళ్లకి చింతపిక్కలు కొత్త కాదు. ఒక పక్క అరగదీస్తే అవే పాచికలు. కానీ పిక్క అసలు విలువ లోపలి పప్పులో ఉంది. దాన్ని పొడి చేసి నీళ్లలో ఉడికిస్తే చిక్కటి జిగురు వస్తుంది. బట్టల మిల్లుల్లో నూలుకి గంజి పెట్టడానికి ఆ పొడి వాడతారు. కళ్లు పొడిబారితే వేసే కొన్ని చుక్కల మందుల్లో కూడా చింతగింజ నుంచి తీసిన పదార్థం ఉంటుంది.

మన దగ్గర ఇంకా అందమైన వాడకం ఉంది. కొండపల్లి బొమ్మల్లో చేతులు, తలలు అతికించడానికి 'మక్కు' వాడతారు. అది చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి చేసే ముద్ద. సిద్దిపేట జిల్లా చేర్యాలలో మాస్కులు చేసేది కూడా ఇలాంటి ముద్దతోనే. చేర్యాల పటం గీసే ముందు బట్టకి పట్టించే పూతలో కూడా చింతగింజల జిగురు ఉంటుంది. మీ ఇంట్లో కొండపల్లి బొమ్మ ఉంటే, దాని మెడ దగ్గర ఒక చింతపిక్క దాగి ఉన్నట్టే.

ఇక ఈ పిక్క తీయడం గురించి. సూపర్ మార్కెట్‌లో గింజ లేని చింతపండు ప్యాకెట్ తీసుకుని బుట్టలో పడేస్తాం. ఎవరో కూర్చుని ఒక్కో కాయ పెంకు కొట్టి, ఈనెలు లాగి, గింజ తీస్తేనే అది ప్యాకెట్‌లోకి వస్తుంది. ఎక్కువగా ఆడవాళ్లే చేస్తారు. కాయ బరువులో దాదాపు మూడో వంతు గింజదే. ఏజెన్సీ ప్రాంతాల్లో గిరిజన కుటుంబాలకి వేసవిలో ఇదొక ముఖ్యమైన ఆదాయం. ఆంధ్రలో వాళ్ల దగ్గర కొనడానికి 1956 నుంచి గిరిజన సహకార సంస్థ ఉంది. 2020లో కేంద్రం గింజతో ఉన్న చింతపండుకి కిలో 36 రూపాయలు, గింజ తీసినదానికి 63 రూపాయలు కనీస మద్దతు ధర ప్రకటించింది. తేడా 27 రూపాయలు. అందులో గింజ తీస్తే తగ్గే బరువు పోగా మిగిలేదే కూలి. ఈసారి షాపులో బేరమాడేటప్పుడు ఈ లెక్క ఒక్కసారి గుర్తు చేసుకోండి.

ఇప్పుడు చెట్టు దగ్గరికి వద్దాం. "రాత్రిపూట చింతచెట్టు కింద పడుకోకూడదు, దెయ్యాలుంటాయి" అని మీకూ చెప్పే ఉంటారు. దీనికి 'సైంటిఫిక్ కారణం' అని ఒక వీడియో తిరుగుతోంది. రాత్రి ఈ చెట్టు కార్బన్ డై ఆక్సైడ్ వదులుతుంది కాబట్టి ఊపిరాడదని. రాత్రిపూట అన్ని చెట్లూ వదులుతాయి, చింత ఒక్కటే కాదు. ఆరుబయట దానికి ఎవరికీ ఊపిరాడకపోవడం ఉండదు. పక్కన ఒక మనిషి పడుకుంటే వచ్చేది అంతకంటే తక్కువేం కాదు. నిజంగా జరిగే వింత ఏంటంటే, చీకటి పడగానే చింతాకులు ముడుచుకుంటాయి. పగలు చూసిన చెట్టు రాత్రి వేరేలా కనిపిస్తుంది. భయం పుట్టడానికి చీకట్లో అది చాలు కదా.

దెయ్యాలుంటాయని భయపడే ఈ చెట్టే హైదరాబాద్‌లో మనుషుల్ని కాపాడింది. 1908 సెప్టెంబర్ 28న మూసీకి వచ్చిన వరదలో వేలమంది చనిపోయారు. అప్పుడు అఫ్జల్ పార్క్‌లో ఉన్న ఒక చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని చెప్తారు. ఆ చెట్టు ఉన్న చోటు ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. ఏటా సెప్టెంబర్ 28న కొంతమంది ఆ చెట్టు కింద చేరి, పోయినవాళ్లని తలుచుకుంటారు. నేను ఒకసారి వెళ్లి చూశాను. పక్కనే పేషెంట్ల బంధువులు క్యారేజీలు విప్పుకుని అన్నం తింటున్నారు. వాళ్లలో ఎంతమందికి ఆ సంగతి తెలుసో మరి. వేరు లోతుగా, కాండం గట్టిగా, కొమ్మ వంగినా విరగకుండా ఉండే చెట్టు కాబట్టే అంత వరదలో నిలబడింది.

చివరగా మా చెట్టు. అమ్మమ్మ వాళ్ల ఇంటి ముందు రోడ్డు పక్కన ఉండేది. ఎవరు నాటారో అమ్మమ్మకీ తెలీదు. "నేను కాపరానికొచ్చేసరికే ఇంత ఉందే" అనేది చేతులు చాపి. ఎండాకాలం చిగురు కోసి పప్పులో వేసేది. సంక్రాంతి ముందు పచ్చి కాయలతో తొక్కు పట్టేది. కాపు మాత్రం ఏటా ఒకాయనకి గుత్తకిచ్చేది, ఆ డబ్బుతో మా అందరికీ బట్టలు. రెండేళ్ల కింద రోడ్డు వెడల్పు చేస్తూ కొట్టేశారు. రోడ్డు కావాల్సిందే, నేను కాదనను. ఆ రోడ్డు మీదే నేను గంట ముందు ఊరు చేరుతున్నా. కానీ ఫోన్‌లో అమ్మమ్మ ఒక్క మాటే అంది. "కొట్టినోళ్లు మళ్లీ ఒకటి నాటారా అమ్మడూ?" అని. నాటలేదు. నా దగ్గర జవాబు లేదు.

గింజ నుంచి పెరిగిన చింత కాపుకి రావడానికి సుమారు ఏడేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. తర్వాత వందేళ్లకి పైగా బతుకుతుంది. అంటే మనం ఈ రోజు తినే పులిహోరలో చింతపండు, మనకి పేరు కూడా తెలియని ఎవరో నాటిన చెట్టుది అయ్యుండొచ్చు. ఆయన నీడలో కూర్చున్నది వేరేవాళ్లు, కాయలు తిన్నది వేరేవాళ్లు. ఇప్పుడు కొట్టడం ఒక పూట పని. నాటడం మాత్రం ఎవరి పనీ కాదు. అలా అయితే మన తర్వాతవాళ్లు ఏ చెట్టు ఎక్కుతారు?

తొందర ఉన్నవాళ్లకి అంటు మొక్కలు ఉన్నాయి, మూడు నాలుగేళ్లలోనే కాపు మొదలవుతుంది. లోపల గుజ్జు ఎర్రగా ఉండే 'అనంత రుధిర' లాంటి రకాలు కూడా వచ్చాయి. పెరడు చిన్నదైతే చింత పెట్టకండి, గోడ పక్కన అసలే వద్దు, పెద్ద చెట్టు అవుతుంది. ఊరి చెరువు గట్టు, స్కూలు గ్రౌండు, పొలం చివర బాగుంటుంది.

పోయిన వేసవిలో నేను, అన్నయ్య కలిసి ఊరి స్కూలు గ్రౌండు మూలలో రెండు మొక్కలు పెట్టాం. ఒకటి మేక తినేసింది. ఇంకోటి మోకాలి ఎత్తు ఉంది. స్కూలు పిల్లలు మంచినీళ్ల సీసాల్లో మిగిలిన నీళ్లు దానికే పోస్తున్నారట. అమ్మమ్మకి వీడియో కాల్‌లో చూపిస్తే, "ఇది కాసేసరికి నేనుంటానా" అని నవ్వింది. మళ్లీ తనే, "చుట్టూ ముళ్లకంప వేయండే, మేకలున్నాయి" అంది.

మీ ఊళ్లో పాత చింతచెట్టు ఉంటే ఒక ఫోటో తీసి, దాని గురించి ఇంట్లో పెద్దవాళ్లు ఏం చెప్పారో కామెంట్‌లో రాయండి. నేను అన్నీ చదువుతాను.