పని చోటికి పెంపుడు కుక్క: వద్దని చెప్పలేనివారి మాటేమిటి?

పెంపుడు కుక్కను పనిచేసే చోటికి తీసుకురావచ్చా? మొన్నటిదాకా మన ప్రాంతంలో ఈ ప్రశ్నే లేదు. అది అమెరికాలో ఉన్న మన పిల్లల ఆఫీసుల ముచ్చట అనుకున్నాం. ఇప్పుడు కరీంనగర్, మంచిర్యాల, ఆదిలాబాద్ పట్టణాల్లో సొంత ఆఫీసు, క్లినిక్, షాపు నడిపేవారు కుక్కను కారులో వెంట తెచ్చుకోవడం కనిపిస్తోంది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్తే ఇంట్లో కుక్క పొద్దంతా ఒంటరిగా అరుస్తూ ఉంటుంది. పక్కింటివాళ్లు ఊరుకోరు. వెంట తెచ్చుకోవడం తప్ప ఏం చేస్తారు అన్నది వాళ్ల ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్నే. మన సంఘాల్లో కుక్కను బిడ్డలా చూసుకునేవారున్నారు, కుక్కను చూస్తే రోడ్డు అవతలికి వెళ్లేవారూ ఉన్నారు. ఇద్దరూ ఆదివారం ఒకే బెంచీ మీద కూర్చుంటారు. కాబట్టి ఈ విషయాన్ని కొంచెం నిదానంగా ఆలోచించాలి.

నిజానికి పని చోట కుక్క ఉండటం మనకు కొత్త కాదు. ఉత్తర తెలంగాణ గొల్ల కురుమల మందల వెంట కుక్క లేని రోజు లేదు. పంట కోసిన చేలల్లో రాత్రి మంద పెడితే, జీవాలకు కాపలా కాపరి ఒక్కడే కాదు, అతని కుక్క కూడా. యోబు తన మందకు కాపలా ఉన్న కుక్కల గురించి మాట్లాడాడు (యోబు 30:1). అంటే అంత పాత కాలంలోనే కుక్కకు ఉద్యోగం ఉంది. మందుపాతరల భయం ఉన్న రోజుల్లో మన జిల్లాల అడవి దారుల్లో పోలీసుల కంటే ముందు నడిచింది వాసన పట్టే కుక్కలే. ఇప్పటికీ పోలీసు కుక్కలకు మొయినాబాద్‌లోని అకాడమీలో శిక్షణ ఇస్తారు. ఆ కుక్కకు ఒక పని ఉంటుంది, ఆ పనికి వేళలు ఉంటాయి, దాని బాధ్యత మోసే హ్యాండ్లర్ ఒకరు ఉంటారు.

ఆఫీసుకు వచ్చే పెంపుడు కుక్కకు ఇవేవీ లేవు. అది పనికి రావడం లేదు, యజమానికి తోడుగా వస్తోంది. తోడు కోరుకోవడంలో తప్పేమీ లేదు. ఉట్నూరులోనో ఆసిఫాబాద్‌లోనో ఒంటరిగా పోస్టింగ్ చేస్తున్న ఉద్యోగికి సాయంత్రం తలుపు దగ్గర ఎదురుచూసే ప్రాణి ఒకటుంటే ఎంత ధైర్యమో అనుభవించినవారికే తెలుసు. కానీ ఆ తోడు ఒకరిది, ఆ చోటు అందరిది. చిక్కంతా ఇక్కడే.

విదేశాల సంగతి చూద్దాం, ఎందుకంటే ఈ ఆలోచన అక్కడినుంచే వచ్చింది. సియాటిల్‌లో అమెజాన్ సంస్థ మొదటి రోజుల నుంచీ ఆఫీసుకు కుక్కలను రానిచ్చింది. తొలినాళ్లలో ఉద్యోగుల వెంట వచ్చిన రూఫస్ అనే కుక్కను అక్కడివారు ఇప్పటికీ తలుచుకుంటారు. గూగుల్ తన ఉద్యోగుల నియమావళిలోనే కుక్కల ప్రస్తావన పెట్టింది. మన దేశంలో ముంబైలోని టాటాల కేంద్ర కార్యాలయం బాంబే హౌస్‌ను 2018లో బాగుచేసి తెరిచినప్పుడు, వీధికుక్కల కోసం లోపలే ఒక గది కట్టించారు. కుక్క పక్కన ఉంటే ఒత్తిడి తగ్గుతుందని చెప్పడానికి తరచూ ఒక పరిశోధనను చూపిస్తారు. 2012లో వర్జీనియా కామన్‌వెల్త్ విశ్వవిద్యాలయం వారు ఉత్తర కరోలినాలోని ఒక పింగాణీ సామాన్ల కంపెనీలో చేసిన అధ్యయనం అది. కుక్కను తెచ్చుకున్నవారిలో రోజు గడిచేకొద్దీ ఒత్తిడి తగ్గిందని, కుక్కను ఇంట్లో వదిలి వచ్చినవారిలో పెరిగిందని అందులో తేలింది.

బాగుంది. అయితే ఆ కంపెనీ అప్పటికే ఎన్నో ఏళ్లుగా కుక్కలను రానిస్తున్నది. కుక్కంటే గిట్టనివారు, భయపడేవారు అలాంటి చోట ఉద్యోగంలో చేరతారా? చేరినా ఎన్నాళ్లు నిలుస్తారు? అక్కడ నచ్చకపోతే వేరే కంపెనీ చూసుకోవచ్చు. మన దగ్గర తొమ్మిది వేలకో పది వేలకో కుదిరిన అటెండర్‌కు, ఊడ్చే అమ్మకు, గేటు దగ్గరి వాచ్‌మన్‌కు ఆ వీలు ఎక్కడిది?

మన ఆఫీసుల్లో జరిగేది ఇదీ. కుక్క సార్‌ది. సార్ మీటింగ్‌లో ఉంటే దాన్ని బయట తిప్పుకొచ్చేది అటెండర్. అది మూల తడిపితే తుడిచేది ఆయా. వాళ్లను ఎవరైనా అడిగారా? అడిగినా, "నీకేమైనా ఇబ్బందా?" అని సారే నవ్వుతూ అడిగితే "లేదు సార్" తప్ప వేరే జవాబు నోటికి వస్తుందా? జీతం ఇచ్చేవాడు అడిగిన ప్రశ్నకు జీతం తీసుకునేవాడు ఇచ్చే జవాబు అది, అంతకు మించి దాన్ని సమ్మతి అనుకోవద్దు.

కుక్కంటే భయం పిరికితనం కాదు. మన పెద్దవాళ్లలో చాలామందికి ఆ భయం బొడ్డు చుట్టూ పొడిపించుకున్న పద్నాలుగు సూదుల నుంచి వచ్చింది. ఆ పాత టీకా తయారీ మన దేశంలో ఆగిపోయింది 2004 చివరలో మాత్రమే. జగిత్యాల, కోరుట్ల వాడల్లో బీడీల చాట పట్టుకుని కార్ఖానాకు నడిచే ఆడవాళ్లను అడగండి, ఏ గల్లీలో ఏ కుక్క ఉందో చెబుతారు. కొందరికి కుక్క వెంట్రుకలు పడవు, దగ్గు, ఆయాసం వస్తాయి. ఇంకో సంగతి. కరీంనగర్, నిర్మల్, భైంసా, ఆదిలాబాద్‌లలో మనతో కలిసి పనిచేసే ముస్లిం సోదరుల్లో చాలామందికి కుక్క చొంగ బట్టకు తగిలితే కడుక్కోకుండా నమాజుకు నిలబడటం కుదరదు. "ఏం కాదు, అది కరవదు" అని వారికి చెప్పడం వారి ఇబ్బందిని అర్థం చేసుకోకపోవడమే. తనకు అభ్యంతరం లేని ఆహారాన్ని కూడా పక్కవాని మనస్సాక్షి కోసం మానుకుంటానన్న పౌలు (1 కొరింథీయులకు 8వ అధ్యాయం) ఈ సందర్భంలో గుర్తు రావాలి.

ఇప్పుడు ఆఫీసు దాటి ఇంటికి వద్దాం. "మాకు ఆఫీసు లేదు, మా కుక్క మా ఇంట్లోనే ఉంటుంది, ఇది మాకెందుకు?" అనుకునేవారు ఎక్కువమంది. కానీ మన ఇంటి గడప కూడా ఎవరికో ఒకరికి పనిచేసే చోటే. పాల అబ్బాయి, గ్యాస్ సిలిండర్ మోసేవాడు, కరెంటు మీటరు చూసేవాడు, ఆశా కార్యకర్త, పోస్ట్‌మన్, ఫోన్‌లో ఆర్డర్ పెట్టిన సామాను తెచ్చేవాడు, వీళ్లందరి ఉద్యోగం మన గుమ్మం దగ్గరే. 2023 జనవరిలో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో ఒక అపార్ట్‌మెంట్‌కు ఆహారం తెచ్చిన 23 ఏళ్ల యువకుడి మీదికి ఆ ఇంటి జర్మన్ షెపర్డ్ దూసుకొచ్చింది. అతడు పరుగెత్తి, మూడో అంతస్తు నుంచి పడిపోయాడు. నిమ్స్‌లో చేర్చినా బతకలేదు. అదే ఏడాది మే నెలలో మణికొండలో ఒక ఇంటికి పరుపు డెలివరీ చేయడానికి వెళ్లిన వ్యక్తి డోబర్‌మ్యాన్‌కు భయపడి మూడో అంతస్తు నుంచి దూకాడు. దెబ్బలతో బయటపడ్డాడు. ఈ రెండుచోట్లా ప్రాణం మీదికి తెచ్చింది కుక్క కాటు కాదు. తలుపు తీయడానికి ముందు కుక్కను కట్టేయకపోవడం.

చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. తన దగ్గరున్న జంతువు వల్ల మనిషి ప్రాణానికి అపాయం గానీ తీవ్రమైన గాయం గానీ కలగకుండా తగిన జాగ్రత్త తీసుకోనివారికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా ఐదు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మోషే ధర్మశాస్త్రం ఇదే మాటను ఎద్దు గురించి ఇంకా గట్టిగా చెప్పింది. ఎద్దు పొడిచే అలవాటున్నదని ముందే తెలిసి, హెచ్చరిక విని కూడా దాన్ని కట్టేయని యజమాని, అది మనిషిని చంపితే తానే ప్రాణానికి జవాబుదారీ (నిర్గమకాండము 21:28-29). తెలియక జరిగినదానికీ, తెలిసీ ఊరుకున్నదానికీ అక్కడ పెట్టిన తేడా గమనించండి. "మా కుక్క కొత్తవాళ్ల మీదికి వెళ్తుంది" అని మనమే నవ్వుతూ చెప్పుకుంటాం కదా, ఆ మాట అన్న రోజు నుంచి మనం తెలిసినవాళ్లమే.

మన స్కూళ్లు, హాస్పిటళ్లు, హాస్టళ్ల ఆవరణల్లో ఇంకో రకం కుక్క ఉంటుంది. అది ఎవరిదీ కాదు. వంటమనిషి మిగిలిన అన్నం వేస్తుంది, వాచ్‌మన్‌కు రాత్రి తోడుంటుంది, పిల్లలు దానికి పేరు పెట్టుకుంటారు. అందరూ ముద్ద పెడతారు, సూది మాత్రం ఎవరూ వేయించరు. మన ప్రాంతంలో పని చోట అసలు కుక్క ఇదే, గొలుసు వేసుకుని కారు దిగేది కాదు. 2023 ఫిబ్రవరి 19, ఆదివారం నాడు హైదరాబాద్ అంబర్‌పేటలో, నిజామాబాద్ జిల్లా నుంచి వలస వెళ్లి ఒక కార్ల సర్వీసింగ్ సెంటర్‌లో వాచ్‌మన్‌గా చేస్తున్న తండ్రి వెంట వెళ్లిన నాలుగేళ్ల పసివాణ్ని ఆ ఆవరణలోనే వీధికుక్కలు చంపేశాయి. 2025 నవంబర్ 7న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం ఇలాంటి చోట్ల గురించే. విద్యాసంస్థలు, ఆస్పత్రులు, క్రీడా ప్రాంగణాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలోకి వీధికుక్కలు రాకుండా కంచె వేయాలని, లోపలున్నవాటిని తీసుకెళ్లి ఆపరేషన్, టీకా చేసి షెల్టర్లలో ఉంచాలని, తిరిగి అక్కడే వదలకూడదని కోర్టు చెప్పింది. మన సంస్థల మేనేజ్‌మెంట్లు దీన్ని చదివి ఊరుకుంటే సరిపోదు. అలాగని ఎవరో విషం పెట్టి చేతులు దులుపుకుంటే చూస్తూ ఉండటం కూడా కుదరదు. అది 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం. నీతిమంతుడు తన పశువు ప్రాణం గురించి కూడా ఆలోచిస్తాడన్న సామెత (సామెతలు 12:10) ఇక్కడా వర్తిస్తుంది. మున్సిపాలిటీకి రాతపూర్వకంగా తెలియజేయడం, చెత్తనూ హాస్టల్ ఎంగిలినీ మూత పెట్టి ఉంచడం మన చేతుల్లో ఉన్న పనులు.

మరి పెంపుడు కుక్కను ఆఫీసుకు రానివ్వాలా వద్దా? రానివ్వాలని గానీ వద్దని గానీ ప్రత్యేకంగా చెప్పిన చట్టం ప్రైవేటు ఆఫీసుల విషయంలో మనకు లేదు, అది యాజమాన్యం ఇష్టం. హోటల్, బేకరీ, మెస్ లాంటి ఆహారం తయారయ్యే చోట్లలోకి మాత్రం ఆహార భద్రత నిబంధనల ప్రకారం పెంపుడు జంతువులు రాకూడదు. ఆస్పత్రి వార్డు, ప్రసూతి గది, చిన్నపిల్లల తరగతి గురించి చర్చే అక్కర్లేదు. మిగతా చోట్ల, నా అభిప్రాయంలో, ఒక పద్ధతి ఉంది. పేరు లేని చీటీల మీద అడగండి, ఊడ్చేవారి నుంచి మేనేజర్ దాకా అందరినీ. ఒక్క చీటీ "వద్దు" అని వచ్చినా కుక్క ఇంట్లోనే ఉండాలి, ఆ చీటీ ఎవరు రాశారని వెతకకూడదు. పదిమందిలో తొమ్మిదిమంది ఒప్పుకున్నారు కదా అని ఓట్లు లెక్కపెట్టే విషయం కాదిది. కుక్కను ఇంట్లో ఉంచితే ఒకరికి కొంత అసౌకర్యం, తీసుకొస్తే ఇంకొకరికి రోజంతా భయం.

అందరూ ఒప్పుకుంటే కుక్క వెంట దాని టీకా కార్డు రావాలి. మూడు నెలల వయసులో మొదటి రేబీస్ టీకా, తర్వాత ప్రతి ఏడాదీ మరొకటి. గొలుసు యజమాని చేతిలోనే ఉండాలి, అటెండర్ చేతిలో కాదు. కుక్క సంగతీ చూడాలి. రామగుండంలో, ఆదిలాబాద్‌లో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. మనిషిలా ఒళ్లంతా చెమట పట్టి చల్లబడే శరీరం కుక్కది కాదు, నాలుక చాపి రొప్పడమే దానికి దారి. మంచు దేశపు బొచ్చు కుక్కను కొని, మధ్యాహ్నం పార్కింగ్‌లో అద్దాలు మూసిన కారులో వదిలేస్తే కాసేపట్లోనే దాని ప్రాణం పోవచ్చు. పొద్దంతా టేబుల్ కాలికి కట్టేసి ఉంచడం కూడా ప్రేమ కాదు. దానికంటే ఇంట్లో ఫ్యాను కింద నిద్రపోనివ్వడం మేలు.

ఎవరినైనా కుక్క కరిస్తే, గీరినా సరే, అది పెంపుడుదైనా సరే, వెంటనే సబ్బు పెట్టి పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం, కారం, పసరు ఏవీ పెట్టకూడదు. అదే రోజు సర్కారు దవాఖానకు వెళ్లాలి. టీకా అక్కడ ఉచితం. ఇప్పుడు సూదులు పొట్టలో కాదు, చేతికే. మొదటి రోజు, తర్వాత 3, 7, 28వ రోజుల్లో వేస్తారు. గాయం లోతుగా ఉండి రక్తం వస్తే గాయం దగ్గరే ఇంకో మందు కూడా వేయాలి, అడిగి వేయించుకోండి. రేబీస్ లక్షణాలు కనిపించాక కాపాడే మందు దాదాపు లేనట్టే. సార్ కుక్క కరిచిందని చెప్పడానికి భయపడి దాచుకునే అటెండర్ గురించి ఈ మాట రాస్తున్నాం.

కాపరుల ఇళ్లు కూడా ఇందులోకి వస్తాయి. పాస్టర్ గారి ఇల్లు ఇల్లూ, ఆఫీసూ రెండూ. ప్రార్థన చేయించుకోవాలని వచ్చిన విధవరాలు గేటు దగ్గర కుక్క అరుపు విని తిరిగి వెళ్లిపోతే ఆ సంగతి లోపలివారికి ఎప్పటికీ తెలియదు. గేటుకు గంట బిగించి, వచ్చేవారు లోపలికి అడుగుపెట్టేలోగా కుక్కను వెనుక వైపు కట్టేసే ఏర్పాటు ఉండాలి. డిసెంబర్ వస్తే క్యారల్ రౌండ్స్ మొదలవుతాయి. అర్ధరాత్రి డప్పు, గిటారు, పాటతో ముప్పై మంది యువకులు, పిల్లలు ఒక్కసారిగా వాకిట్లోకి వస్తే ఎంత సాధువైన కుక్కయినా బెదురుతుంది. ఏ రాత్రి ఏ వీధికి వస్తారో యూత్ లీడర్లు ముందే ఇళ్లవారికి ఫోన్ చేసి చెప్పాలి, ఇళ్లవారు ఆ రాత్రి పడుకునే ముందే కుక్కను లోపలి గదిలో ఉంచి తలుపు వేయాలి.