త్రాగునీటిలో ఫ్లోరైడు - పంచాయతీల కర్తవ్యము

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతములది రాతినేల. ఆ రాళ్లలోని ఫ్లోరైడు భూగర్భజలమున కరగి బోరుబావులలోనికి వచ్చుచున్నది. లీటరు నీటిలో అది 1.5 మిల్లీగ్రాములకు మించియుండి, ఆ నీటినే ఏండ్ల తరబడి త్రాగినచో పిల్లల పండ్లపై గారలు పడును. మోతాదు ఇంకను హెచ్చినచో ఎముకలు బిగిసి వంగును. మర్రిగూడ, మునుగోడు వాసులు ఈ బాధ నెరుగుదురు. వంగిన ఎముక మరల చక్కబడదు. కనుక నివారణమే మార్గము.

కాచినచో నీటిలోని క్రిములు చచ్చును గాని ఫ్లోరైడు పోదు. పటిక, సున్నము కలిపి దానిని తేర్చు విధానము 'నల్లగొండ పద్ధతి' యను పేరనే ప్రసిద్ధి చెందినది.

2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకము వలన కృష్ణాజలము గ్రామములకు చేరినది. అయినను గొట్టము పగిలిన నాడు జనులు పాత బోరునే ఆశ్రయింతురు. పంచాయతీ మెలకువ వహింపవలసినది అప్పుడే.

సభ్యులు ప్రతి బోరు నీటిని పరీక్ష చేయింపవలెను. ఫ్లోరైడు హెచ్చుగా నున్న బోరుకు ఎర్రరంగు పూయించి, 'త్రాగరాదు' అని వ్రాయింపవలెను. ఆ నీరు బట్టలుతుకుటకు పనికివచ్చును, వంటకు పనికిరాదు. గొట్టము బాగగునంతవరకు ట్యాంకరుతో మంచినీరు తెప్పించు ఏర్పాటు ముందుగనే చేసికొని, బడికిని అంగన్‌వాడికిని మొదట అందింపవలెను. ఎదుగు పిల్లలకే ఈ నీటి వలన కీడు మెండు.