స్కాన్ నార్మల్ అంటే జబ్బు లేదని కాదు

"ఎమ్మారై కూడా తీయించాం డాక్టరు గారూ, అంతా నార్మల్ అనే రాశారు. మరి మా అమ్మాయికి ఏమైనట్టు?"

ఓసీడీ రోగిని తీసుకొచ్చిన తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్న ఇది. పక్కన కూర్చున్న అమ్మాయి చేతులు సబ్బుకు పగిలి ఎర్రబడి ఉంటాయి. రిపోర్టు బాగుందని తెలిశాక ఇంట్లో మాట మారుతుంది. "చూశావా, అంతా చాదస్తమే, కావాలనే చేస్తోంది" అంటారు.

ఈ మాట తప్పు. ఎందుకో చూద్దాం.

తలుపు గడియ పెట్టామో లేదోనని ఒకసారి వెనక్కి వెళ్ళి చూసుకోవడం అందరికీ ఉన్నదే. ఓసీడీ ఉన్నవారికి ఇరవైసార్లు చూసినా చూసినట్టు అనిపించదు. కొందరికి ప్రార్థనలో కూర్చోగానే దేవుణ్ణి దూషించే మాట మనసులో మెదులుతుంది. ఘోరపాపం చేశామని కుమిలిపోతారు. అది విశ్వాసంలో లోపం కాదు, ఈ జబ్బు లక్షణమే.

మెదడులో కళ్ళకు కొంచెం పైన ఉండే భాగం "ఏదో పొరపాటు జరిగింది" అని హెచ్చరిస్తుంది. లోపల ఉండే కాడేట్, థలామస్ అనే భాగాలతో అది ఒక చక్రంలా కలిసి పనిచేస్తుంది. పని పూర్తయ్యాక ఆగాల్సిన హెచ్చరిక ఓసీడీలో ఆగకుండా తిరుగుతూ ఉంటుందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. 1987లో అమెరికాలోని లాస్ ఏంజిల్స్‌లో లూయిస్ బాక్స్టర్ బృందం పెట్ స్కాన్ తీసి చూస్తే, ఈ రోగుల్లో ముందరి భాగమూ కాడేటూ మామూలుకంటే ఎక్కువ గ్లూకోజు వాడుకుంటున్నట్టు తేలింది.

అది పనితీరు. ఆకారం సంగతి వేరు. 2017లో అనేక దేశాల పరిశోధకులు కలిసి 1,830 మంది రోగుల ఎమ్మారైలను, జబ్బు లేని 1,759 మంది ఎమ్మారైలతో పోల్చారు. మన బెంగళూరు నిమ్హాన్స్ కూడా అందులో ఉంది. పెద్దవారిలో హిప్పోక్యాంపస్ కొంచెం చిన్నదిగా, పాలిడమ్ కొంచెం పెద్దదిగా కనిపించాయి. మందులు వాడని పిల్లల్లో థలామస్ కొంచెం పెద్దది. పెద్దవారిలో ఈ తేడాలు మందులు వాడుతున్నవారిలోనే ఎక్కువగా ఉన్నాయి. మందు మెదడును పాడుచేస్తుందని దీనర్థం కాదు. జబ్బు ముదిరినవారే ఎక్కువగా మందులు వాడతారు గనుక, ఏది దేనివల్లో ఇలాంటి పోలికతో విడదీసి చెప్పలేం.

"కొంచెం" అన్న మాట గమనించండి. ఒక ఊరివారి సగటు ఎత్తు పక్క ఊరివారికంటే కాస్త తక్కువ అనుకోండి. ఎదురొచ్చిన మనిషి ఎత్తు చూసి అతనిది ఏ ఊరో చెప్పగలమా? ఇదీ అంతే. వేలమంది సగటులో కనిపించే తేడా ఒక్కరి ఫిల్ములో కనబడదు. అందుకే స్కాన్ తీసి ఓసీడీ ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం. మూర్ఛలు, కాలూచెయ్యీ బలహీనపడటం, తలకు దెబ్బ తగలడం, పెద్ద వయసులో హఠాత్తుగా జబ్బు మొదలవడం వంటివి ఉంటే స్కాన్ అవసరం కావచ్చు. లేకపోతే ఆ డబ్బు వైద్యానికి దాచుకోండి.

ఆశ కలిగించే సంగతి మరొకటి. 1992లో బాక్స్టర్ బృందమే కొందరికి ఫ్లూయాక్సిటిన్ మందు ఇచ్చింది, మరికొందరికి మందు లేకుండా ప్రవర్తనా చికిత్స చేసింది. సుమారు 10 వారాల తర్వాత రెండు గుంపుల్లోనూ, గుణం కనిపించినవారిలో కుడివైపు కాడేట్ జోరు తగ్గింది. ఆ చికిత్సలో మురికి అనిపించే వస్తువును ముట్టుకుని, చెయ్యి కడుక్కోకుండా ఆగడం మెల్లమెల్లగా అలవాటు చేస్తారు. మొదట్లో చాలా కష్టం, ఏడుస్తారు కూడా. మందు గుణం తెలియడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. రెండు వారాలకే ఆపేసి "పనిచేయలేదు" అనకండి.

ఇంట్లోవారు తిట్టకూడదు. "శుభ్రంగానే ఉంది" అని పదేపదే భరోసా ఇవ్వడం కూడా మంచిది కాదు, అదీ జబ్బుకు మేతే అవుతుంది. ఈసారి వచ్చేటప్పుడు రోజుకు ఎన్నిసార్లు, ఎంతసేపు చేతులు కడుగుతోందో ఒక కాగితం మీద రాసుకురండి. మాకు ఫిల్ముకంటే అదే ఎక్కువ ఉపయోగం.