వెలుతురు కాదు, చోటే కరవు

సముద్రపు మసక లోతుల్లో ప్రతి బండ మీదా ఒక పోరు నడుస్తోంది. అది దేనికోసమో తెలిస్తేనే ఆ లోతుల్ని కాపాడుకోగలం.

సముద్రంలో కిందికి దిగేకొద్దీ రంగులు ఒక్కొక్కటే చెరిగిపోతాయి. ముందు ఎరుపు పోతుంది, చివరిదాకా మిగిలేది నీలం. సుమారు 30 నుంచి 150 మీటర్ల మధ్య ఉండే ఈ మసక పట్టీని మెసోఫోటిక్ మండలం అంటారు. అక్కడ బతుకు పలచగా ఉంటుందనీ, ఉన్న కాసిని ప్రాణులూ వెలుతురు కోసం అలమటిస్తుంటాయనీ చాలామంది అనుకుంటారు. బండను పట్టుకుని బతికే చాలా జంతువుల విషయంలో ఈ లెక్క తప్పు. వాటికి కరవైంది వెలుతురు కాదు, కదలకుండా నిలిచే గట్టి చోటు.

గట్టి వస్తువేదైనా సముద్రంలో పడితే, నీళ్లలో కరిగి ఉన్న సేంద్రియ పదార్థం నిమిషాల్లోనే దానికి అంటుకుంటుంది. గంటల్లో బ్యాక్టీరియా చేరి జిగురు పొర అల్లుతుంది. కంటికి ఉత్త పాకుడులా కనిపించే ఆ పొరే తర్వాత వచ్చే ప్రాణులకు ఆనవాలు. హైడ్రాయిడిస్ ఎలిగాన్స్ అనే గొట్టపు పురుగు లార్వా, తగిన బ్యాక్టీరియా తగిలితేనే స్థిరపడి రూపం మార్చుకుంటుంది. బార్నకిల్ లార్వా ఇంకా జాగ్రత్త పడుతుంది. అర మిల్లీమీటరు ఉండే ఈ ప్రాణి ఆ చివరి దశలో ఏమీ తినదు. ఒంట్లో దాచుకున్న కొవ్వు కరిగిపోయేలోగా, తల ముందున్న రెండు మీసాలతో అడుగులో అడుగు వేస్తూ రాతిని తడిమి చూసుకుంటుంది. నచ్చకపోతే ఈదుకుంటూ పోతుంది. నచ్చితే జిగురు వదిలి, తలనే రాతికి అతికించుకుంటుంది. ఇక చచ్చేదాకా అక్కడే.

చోటు దొరికితే సరిపోదు, నిలబెట్టుకోవాలి. 1970లలో జెరెమీ జాక్సన్, లియో బస్ అనే శాస్త్రవేత్తలు జమైకాలో పగడపు పలకల అడుగువైపు, ఎండ సోకని నీడను పరిశీలించారు. స్పాంజీలు, బ్రయోజోవన్లు అనే, బండను అంటుకుని బతికే జంతువులు అక్కడ ఒకదాని మీదికి ఒకటి పాకుతూ కనిపించాయి. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువాలు వేస్తే సీటు దక్కుతుందేమో గానీ, ఇక్కడ ముందొచ్చినా ఆ భరోసా లేదు. పైగా అన్నిటినీ గెలిచే మొనగాడంటూ ఎవరూ లేరు. మొదటిది రెండోదాన్ని, రెండోది మూడోదాన్ని కప్పేస్తే, ఆ మూడోది తిరిగి మొదటిదాన్నే కప్పేయగలదు. ఇన్ని జాతులు పక్కపక్కనే మిగలడానికి ఈ తెగని తగవు కూడా ఒక కారణం.

వెలుతురే హద్దు గీస్తుంది కదా అని ఎవరైనా అడగవచ్చు. నాచుజాతుల వరకు నిజమే. బహామాస్ దగ్గర 268 మీటర్ల లోతున ఎర్రనాచు పెచ్చు కట్టి పెరుగుతోందని 1985లో లోకానికి తెలిసింది. అంతకంటే దిగువన దానికి మనుగడ కష్టం. కానీ ఫ్లోరిడా తూర్పు తీరంలోని ఆక్యులినా వారికోసా అనే పగడాన్ని చూడండి. తీరం దగ్గర అది ఒంట్లో నాచును పెట్టుకుని గోధుమరంగులో ఉంటుంది. 80 మీటర్ల లోతున నాచు లేకుండా తెల్లగా ఉంటుంది. వెలుతురే ఆధారమైతే లోతున అది ఈసురోమనాలి. కొలిచి చూస్తే లోతునే ఎక్కువ పెరిగింది. అక్కడ ఏడాదికి సుమారు 16 మిల్లీమీటర్లు, పైన 11.

మరి ఆ పగడాన్ని దెబ్బతీసిందేమిటి? రొయ్యల కోసం అడుగున ఈడ్చిన ట్రాల్ వలలు. 1970ల నాటి ఫొటోలను 2001లో తీసినవాటితో పోల్చితే, వలలు తిరిగిన పగడపు దిబ్బల మీద బతికున్న పగడం దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. మిగిలింది రాళ్లముక్కల కుప్ప. 1984లోనే రక్షణ దొరికిన భాగంలో కొన్ని దిబ్బలు నిలిచాయి. వెలుతురు రెండుచోట్లా ఒక్కటే. తేడా అల్లా చోటు చెదరకపోవడమే.

చోటే కావాలంటే కాంక్రీటు దిమ్మెలో, పాత ఓడలో దించితే సరిపోదా? దిమ్మె దించడం ఒక ఎత్తు, దానిమీద ఏది వాలుతుందన్నది మరో ఎత్తు. ఇండో-పసిఫిక్‌కు చెందిన ట్యుబాస్ట్రియా పగడానికి నాచుతో పనిలేదు. 1980ల నుంచి అది చమురు ప్లాట్‌ఫారాలను పట్టుకుని బ్రెజిల్ తీరంలో పాకి, స్థానిక జాతుల చోటు ఆక్రమిస్తోంది. పై దిబ్బలు పాడైనా లోతుల నుంచి మళ్లీ పిల్లలొస్తాయన్న ఆశ కూడా చాలావరకు నిలవదు. లూయిజ్ రోషా బృందం 2018లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన అధ్యయనం, లోతు దిబ్బల్లో ఉండే జీవుల సమూహం వేరేననీ, దానికీ ముప్పు తప్పడం లేదనీ చూపింది.

కాబట్టి మసక లోతుల్ని పైనున్న దిబ్బలకు అరువు గిడ్డంగిగా చూడటం మానాలి. ఆ బండల పటాలు ముందే గీయించాలి. అడుగును గీకే వలలకు, బండలను కప్పేసే పూడిక మట్టికి అక్కడ చోటివ్వకూడదు. చెదిరిన బండను మళ్లీ పేర్చడం కంటే చెదరకుండా చూడటం తేలిక. ఫ్లోరిడా ఆ పాఠానికి పెద్ద మూల్యమే చెల్లించింది, ఇంకో తీరం కూడా చెల్లించనక్కర్లేదు.