వైద్యుని మాట కాదని వెడలినచో బీమా దక్కదా?

ఆసుపత్రిలో మూడు దినములుగా నున్న రోగికి ఇంటిమీదికి మనసు పోవును. పసిపిల్లలను చూచువారు లేకపోవచ్చును; కొలువునకు సెలవు చాలకపోవచ్చును; నొప్పి తగ్గినది గదా, ఇక నేమి భయమని తోచవచ్చును. వైద్యుడు ఇంకను రెండు దినము లుండుమనును. రోగి ఉండజాల ననును. అంతట నొక కాగితము ముందునకు వచ్చును. వైద్యుల సలహాకు విరుద్ధముగా, తన పూచీపైననే వెడలుచున్నట్లు అందు వ్రాసియుండును. సంతకము చేయబోవు వేళ ఎవరో హెచ్చరింతురు: "ఇట్లు వెళ్ళినచో బీమా సంస్థ దమ్మిడీయైనను చెల్లింపదు. బిల్లంతయు మీ నెత్తిపై బడును." రోగి భయపడి మరల మంచ మెక్కును.

అమెరికాలో ఈ మాట తరచుగా వినవచ్చును. మన తెలుగువా రెందరో అచ్చట స్థిరపడియున్నారు. కావున నిందలి నిజానిజములు మనకును తెలిసియుండుట మేలు.

షికాగో విశ్వవిద్యాలయ వైద్యులు దీనిని విచారించి 2012లో ఫలితములను ప్రకటించిరి. 2001 మొదలు 2010 వరకు తమ ఆసుపత్రిలో సాధారణ వైద్య విభాగమున చేరిన 46,319 మందిలో 526 మంది, అనగా నూటికి సుమా రొక్కరు, సలహా మీరి వెడలిరి. వారిలో బీమా గలవారి విషయమున నూటికి నాలుగింట మాత్రమే చెల్లింపు నిరాకరింపబడినది. అదియు చాలవరకు పేరు తప్పుగా వ్రాయుట వంటి కార్యాలయపు లోపములవలననే. సలహా మీరి వెడలినందులకు నిరాకరించినది ఒక్కటియు లేదు! అయినను అచ్చటనే ప్రశ్నింపగా, శిక్షణలోనున్న వైద్యులలో నూటికి 68 మందికి పైగా, పెద్ద వైద్యులలో సుమారు 44 మంది, బీమా రాదనియే నమ్ముచుండిరి.

కొంచె మాలోచించినచో కారణము తెలియును. బీమా సంస్థ మూల్యమిచ్చునది జరిగిన చికిత్సకు. ఆ చికిత్స అవసరమైనదా కాదా యనునదే దాని ప్రశ్న. బావి సగము త్రవ్వించి మానుకొన్నను, త్రవ్వినంతవరకు కూలి యీయవలసినదే గదా.

ఇది యొక్క ఆసుపత్రి లెక్క. బీమా పత్రములన్నియు నొక్క తీరున నుండవు. ముఖ్యముగా పిల్లలను చూడబోవు తల్లిదండ్రులు తీసికొను ప్రయాణపు బీమాల షరతులు వేరు. పత్రమును చదివి, సంస్థకు ఫోను చేసి విచారించుటయే మార్గము.

తొందరపడి వెడలుటవలన నిజముగా నష్టము గలుగు సందర్భములును కలవు. అమెరికాలో వృద్ధులకై యున్న ప్రభుత్వ బీమా మెడికేరులో, సాధారణ పద్ధతి ననుసరించి, ఆసుపత్రిలో వరుసగా మూడు దినములు లోరోగిగా నున్నగాని పిమ్మట శుశ్రూషాలయపు ఖర్చు లభింపదు. మన దేశమునను పెక్కు బీమాలకు, కొన్ని చికిత్సలు తప్ప, 24 గంటలు ఆసుపత్రిలో నుండుట షరతు. ఇరువదవ గంటకే వెడలినవానికి చిక్కు రావచ్చును. వ్యాధి ముదిరి మరల చేరవలసివచ్చినచో, తన వాటా సొమ్మును మరల చెల్లింపవలసి రావచ్చును.

సలహా మీరి వెడలుట మంచిదని మేము చెప్పుటలేదు. అట్లు వెడలినవారు తిరిగి ఆసుపత్రి పాలగుట హెచ్చు. అయితే రోగిని నిలుపవలసినది వ్యాధిని గూర్చిన నిజముగాని, డబ్బును గూర్చిన పుకారు కాదు. ఆ పుకారునకు మరియొక కీడు కలదు. ఒకసారి వెడలినవాడు, బిల్లునకు జడిసి, ప్రాణముమీదికి వచ్చినను తిరిగి రాడు. అమెరికాలో 1986నాటి చట్టము ప్రకారము, మెడికేరు సొమ్ము పుచ్చుకొను ఆసుపత్రి యొక్క అత్యవసర విభాగమునకు వచ్చినవానిని, మునుపేమి జరిగినను, పరీక్షింపక తప్పదు.

కావున వెడలక తప్పనివారు మొదట వైద్యునితో కారణము చెప్పుకొనవలెను. మిగిలిన చికిత్స ఇంటివద్ద సాధ్యమా యని యడుగవలెను. మందుల చీటి, పరీక్షల ఫలితములు, మరల చూపించుకొనవలసిన తేదీ పుచ్చుకొనవలెను. ఏ లక్షణములు కన్పించిన వెంటనే తిరిగి రావలెనో ఇంటివారు గూడ విని యుంచుకొనవలెను. సంతకము చేసినంతమాత్రమున ఇవి యడుగు హక్కు పోదు.