రేపు ఏం చదవబోతా ఉండారు?

హోసూరు: శనివారం సాయంత్రం ఆరు దాటింది. కార్ఖానాలో పగటి షిఫ్టు ముగించుకున్న యువకుడు, గులాబీ తోటకు నీళ్లు కట్టి వచ్చిన రైతు, పింఛను తీసుకుంటున్న పంతులు, పక్కవీధి గృహిణి.. ఒక్కొక్కరుగా ఆ ఇంటి పంచకు చేరుకున్నారు. కాఫీ గ్లాసులు చేతికి అందకముందే ప్రశ్న వినిపించింది. 'ఏం సారూ, రేపు ఏం చదవబోతా ఉండారు?'

ఈ కలయికకు పేరు లేదు. చందా లేదు, అధ్యక్షుడూ లేడు. ఉన్నది ఒక్కటే కట్టుబాటు. ఆదివారం చదవబోయే పుస్తకమేదో శనివారమే అందరి ముందూ చెప్పాలి. చెప్పి చదవకపోతే వచ్చే వారం కాఫీ ఖర్చు వాళ్లదే! 'మనసులో అనుకుంటే వాయిదా పడిపోతుందప్పా. నలుగురిలో చెప్పినాక చదవక తప్పదు' అంటూ నవ్వుతారు పంతులు.

ఒక పుస్తకం.. నాలుగు ఇళ్లు

ఇక్కడి అంగళ్లలో తెలుగు పుస్తకం దొరకడం అరుదు. బెంగళూరు దగ్గరే అయినా పుస్తకం కోసమే వెళ్లడం అందరికీ కుదరదు. తిరుపతికి మొక్కు తీర్చుకోవడానికి పోయేవాళ్ల చేతికే చీటీ రాసిస్తారు. అలా వచ్చిన పుస్తకం నెలలోపు నాలుగు ఇళ్లు తిరుగుతుంది. ఎవరు ఏది చదువుతున్నారో ముందే తెలిస్తే ఎవరి తర్వాత ఎవరికన్నదీ అక్కడే తేలిపోతుంది.

సమయం తక్కువున్న వాళ్లు కథలు ఎంచుకుంటున్నారు. సత్యం శంకరమంచి 'అమరావతి కథలు' మొత్తం నూరు. వారానికి రెండు చొప్పున చదివితే ఏడాదిలో పూర్తవుతాయి. నామిని సుబ్రమణ్యం నాయుడి చిత్తూరు యాస కథలంటే రైతుకు ప్రాణం. 'మా ఇంట్లో మాట్లాడుకున్నట్లే ఉంటాయి' అంటాడాయన. పులికాట్ సరస్సు ఒడ్డు బతుకులను అక్కడి నుడిలోనే చెప్పిన స.వెం.రమేశ్ 'ప్రళయకావేరి కథలు' ఈ వారం గృహిణి వంతు.

యువకుడిది వేరే దారి. తెలుగు ఇంట పుట్టి తమిళంలో రాసిన కి.రాజనారాయణన్ నవల 'గోపల్ల గ్రామం' అతడి చేతిలో ఉంది. దక్షిణాదికి వలస వచ్చి ఊరు కట్టుకున్న తెలుగువాళ్ల కథ అది. 1976లో వచ్చింది. చదివింది తమిళంలోనైనా, వచ్చే శనివారం కథ చెప్పాల్సింది తెలుగులోనే.

అందరూ కలిసి చదవాలనుకుంటే నాటకం ఉండనే ఉంది. గురజాడ 'కన్యాశుల్కం'లో ఏడు అంకాలు. పాత్రలు పంచుకుని వారానికో అంకం పైకి చదివితే ఏడు ఆదివారాలు సరదాగా గడిచిపోతాయి.

మాట ఉంది.. అక్షరమే దూరం

ముచ్చట్ల మధ్య ఒక దిగులూ తొంగిచూస్తుంది. పంచలో కూర్చున్న పెద్దలంతా తెలుగు బడిలో చదువుకున్నవాళ్లే. పిల్లలు ఇంట్లో తెలుగే మాట్లాడినా అక్షరాలు రానివాళ్లే ఎక్కువ. 2006లో వచ్చిన చట్టంతో తమిళనాడు బడుల్లో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది. ఏటా ఒక్కో తరగతి చొప్పున పెరిగి 2015-16కు పదో తరగతికి చేరింది. పరీక్షలో మినహాయింపు కోసం భాషా అల్పసంఖ్యాక విద్యార్థులు కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. ఉన్న ఊరి భాష నేర్చుకోవద్దని ఇక్కడ ఎవరూ అనరు. దాంతోపాటు ఇంటి భాష అక్షరాలూ నిలవాలన్నదే వాళ్ల కోరిక.

ఆ ఇంటి అవ్వకు ఎనభై దాటాయి. ఒకప్పుడు పుస్తకం పట్టుకుంటే వదిలేది కాదు. ఇప్పుడు చూపు ఆనడం లేదు. మనవరాలు ప్లస్ టూ చదువుతోంది. తమిళం, ఇంగ్లీషు గడగడా చదువుతుంది. తెలుగు అక్షరం రాదు. చదువు వచ్చిన అవ్వకు చూపు లేదు, చూపున్న మనవరాలికి చదువు రాదు!

ఒక శనివారం పిల్లను కూడా అడిగారు. 'నువ్వేం చదువుతావమ్మా?' ఆ పిల్ల తల వంచుకుంది. అవ్వే అందుకుంది. 'మేమిద్దరమూ కలిసి చదువుతాం. రాసుకోండి!'

అటక మీది పాత 'చందమామ'ల కట్ట దిగింది. 1947 జులైలో మద్రాసులో మొదలై తరాలను చదివించిన ఆ పత్రిక ఇప్పుడు రావడం లేదు. పాత సంచికలే దిక్కు. మనవరాలు అక్షరం ఆకారం చెబుతుంది. 'అవ్వా, కింద సున్నాలాగుంది, పైన తలకట్టు ఉంది..' అవ్వ అక్షరం పేరు చెబుతుంది. అక్షరాలు కూడితే మాట, మాటలు కూడితే వాక్యం. మొదటి కథ పూర్తి కావడానికి మూడు ఆదివారాలు పట్టింది. రెండో దానికి ఒకటిన్నర చాలింది. ఇప్పుడు ఒత్తుల దగ్గర తప్ప తడబాటు లేదు. కథ మధ్యలో అవ్వ కునుకు తీస్తే నిద్ర లేపి మరీ చదివి వినిపిస్తోంది.

మొదలుపెట్టడం తేలికే

ఇలాంటి పంచ ప్రతి ఊళ్లోనూ పెట్టుకోవచ్చు. ముగ్గురుంటే చాలు. చేతిలో ఉన్న పుస్తకాల పట్టీ ఒక నోటు పుస్తకంలో రాసుకోవాలి. ఎవరి దగ్గర ఏది ఉందో దాంట్లో చూసుకోవచ్చు. లావుపాటి పుస్తకంతో కాకుండా పది పేజీల కథతో మొదలుపెడితే మధ్యలో ఆగిపోరు. చదవడం రానివాళ్లను వినేవాళ్లుగా కూర్చోబెట్టాలి. వింటూ వింటూ ఏదో ఒక రోజు వాళ్లే పుస్తకం అడుగుతారు.

చీకటి పడింది. గ్లాసులు ఖాళీ అయ్యాయి. లేవబోతూ పంతులు మళ్లీ అటువైపు తిరిగారు. 'ఏమ్మా, రేపటికి ఎన్ని పేజీలు?'

'నాలుగు' అంది మనవరాలు, ఈసారి తల వంచుకోకుండా.

'అయితే పొద్దున్నే లేపు నన్ను' అంది లోపలినుంచి అవ్వ.